గడ్డికి గాలి

పక్షవాతం వచ్చాక మా ఆయన నోట్లో మిగిలిన మాట ఒక్కటే: "నీళ్లు."

ఆకలైనా నీళ్లే. ఫ్యాను తగ్గించమన్నా నీళ్లే. చొక్కా మెడ దగ్గర బిగుతుగా ఉందని చెప్పాలన్నా నీళ్లే. మొదట్లో ఆ మాట వినపడగానే నేను గ్లాసు పట్టుకుని పరుగెత్తేదాన్ని. ఆయన గ్లాసు వైపు చూసి, నా వైపు చూసి, కళ్లు మూసుకునేవాడు. అంటే అది కాదని అర్థం. ఇక అక్కడి నుంచి నేను వెతకాలి. దిండా? కిటికీనా? బాత్రూమా? పేపరా? ఒక్కోసారి నాలుగో మాటకు దొరికేది. చాలాసార్లు దొరికేది కాదు. అప్పుడు ఆయనే, పోనీలే అన్నట్టు, నా చేతిలోని నీళ్లు తీసుకుని తాగేవాడు.

బెంగళూరు డాక్టరు విడమరిచి చెప్పాడు. మెదడులో మాట పుట్టే చోట దెబ్బ తగిలితే కొందరికి ఇలా ఒకే మాట ఉండిపోతుందట. లోపల అనుకునేది ఒకటి, నోటికొచ్చేది ఇంకొకటి. మనం చెప్పేది మాత్రం వాళ్లకు బాగానే అర్థమవుతుంది. "ఆయన తెలివికి ఏమీ కాలేదమ్మా. ఏం కావాలో మీరే ఓపిగ్గా కనుక్కోవాలి," అన్నాడు. ఆ మాట విని సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. తెలివంతా ఉండి, బయటికి వచ్చే దారి లేని మనిషిని ఇంటికి తీసుకొచ్చాను.

అదీ ఆయనను. ఆయన డ్రిల్లు మాస్టారు. ధర్మవరంలో హైస్కూలు పిల్లలను పాతికేళ్లకు పైగా పరుగెత్తించినవాడు. ఈల అక్కర్లేని గొంతు. ఆయన మా మేనత్త కొడుకు. చిన్నప్పుడు బావా అని పిలిచేదాన్ని, పెళ్లయ్యాకా అదే పిలుపు. నేను పెనుకొండలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. ఇల్లు హిందూపురంలో. పొద్దున ఇద్దరం ఒకే రైలెక్కేవాళ్లం. నేను పెనుకొండలో దిగిపోతే ఆయన ధర్మవరం దాకా పోయేవాడు. సాయంత్రం నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే, రైలు ఆగకముందే, "ఈడ! ఈడ ఉండా!" అని ఆయన అరుపు వినిపించేది. ఆ గొంతును బట్టి పెట్టె వెతుక్కుని ఎక్కేదాన్ని. ఆయన ప్యాంటు అంచుల నిండా ఎర్ర దుమ్ము. దాన్ని దులిపి ఉతికింది నేనే గానీ, ఆ మైదానంలో పగలంతా ఆయన ఏం చేసేవాడో వివరంగా ఎప్పుడూ మాట్లాడుకున్నది లేదు. నా కథలే ఎక్కువ. ఆయన వినేవాడు.

దుమ్ములో బతికిన మనిషి కాబట్టి, సొంతిల్లు కట్టుకున్నప్పుడు ముందర పచ్చగా ఉండాలని పట్టుబట్టాడు. మాకు పిల్లలు లేరు. మేడ మీద ఇంకో గది వేద్దామని నేను అంటే, గేటుకూ వరండాకూ మధ్య జాగాలో లాన్ వేద్దామని ఆయన అన్నాడు. ఇల్లు కట్టినన్నాళ్లూ ఆ జాగాలోనే ఇసుక కుప్ప, ఇటుకల దొంతర, కంకర కలిపే మిషను. సిమెంటు లారీ వెనక్కి వచ్చి నిలబడిందీ అక్కడే. అవన్నీ తీసేశాక పైపైన మన్ను పోసి, నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చిన కార్పెట్ గడ్డి పరిచారు. ఆదివారాలు ఆయన దాని మీద వంగి ఏదో ఒకటి చేస్తూ ఉండేవాడు. నేను వంటింట్లోంచి కాఫీ ఇచ్చేదాన్ని, అంతే. గడ్డి బాగుండేది. మా వీధిలో అటువంటిది ఇంకొకటి లేదు.

రిటైరైన మరుసటి ఏడాదే ఆయన పడిపోయాడు.

కుడి చెయ్యి పూర్తిగా పోయింది. కుడి కాలు కొంచెం మిగిలింది. ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ వచ్చి నడిపించేది. "బండల మీద వద్దు మేడమ్. గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిపిచ్చండి. కాలికి కింద ఏముండాదో తెలుస్తాది," అనేది. అలా నాలుగు కాళ్ల ఊతకర్ర పట్టుకుని ఆయన, పక్కన నడుం పట్టుకుని ఆ అమ్మాయి, రెండో పక్క నేను. పొద్దునా సాయంత్రం వరండా మెట్టు నుంచి గేటు దాకా, గేటు నుంచి మెట్టు దాకా. ఏడాది తిరిగేసరికి అడుగులు పడిన చోటంతా గడ్డి మాడిపోయి ఒక దారి తేలింది. ఆ దారికి రెండు పక్కలా కూడా ఆకు పచ్చదనం పోయి, పసుపు రంగుకు తిరిగింది.

నేను నీళ్లు ఎక్కువ పెట్టాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. పైగా ఆయన గడ్డి దగ్గర నిలబడి వేలు చూపించి, "నీళ్లు! నీళ్లు!" అని అరిచేవాడు. ఆ ఒక్క సందర్భంలోనైనా మాట సరిగ్గా వచ్చిందనుకుని పైపు తెచ్చి వదిలేదాన్ని. ఆయన ఇంకా గట్టిగా అరిచేవాడు. నేను ఇంకా వదిలేదాన్ని. నీళ్లు లోపలికి దిగేవి కావు. గడ్డి మీద అద్దంలా నిలబడి, తర్వాత గేటు కింది నుంచి రోడ్డెక్కేవి.

మా ఊళ్లో నీళ్లు రోడ్డు మీద పారడం చిన్న విషయం కాదు. పక్కింటామె మంచిదే, నాకు ఎన్నోసార్లు సాయం వచ్చింది. ఆమె కూడా ఒకరోజు గేటు దగ్గర నిలబడి, కష్టంగానే అంది.

"అక్కా, ఏమనుకోవద్దు. కొళాయి వచ్చేదే ఎప్పుడో ఒగసారి. మేము ట్యాంకర్ కోసరం ఎదురుచూస్తాండాము. మీ నీళ్లు చూస్తే రోడ్డు మీద పోతాండాయి."

"ఆయన అడుగుతాండాడమ్మా. పెట్టకపోతే అరుస్తాండాడు."

"అన్నకు తెలీదు సరే. నువ్వన్నా చెప్పల్ల గదా."

అన్నకు తెలుసు. అదే నా బాధ. అన్నకు అన్నీ తెలుసు, ఈవిడ చెప్పే మాట కూడా వరండాలో కూర్చుని విన్నాడు. విని, తల గోడకు ఆనించి అటు తిరిగాడు. ఆయన వేరే ఏదో అడుగుతున్నాడని నాకు అప్పటికే అనుమానం మొదలైంది. కానీ ఏమిటది? ఎరువా? ఎరువు చూపించాను. కాదు. గడ్డి కోసే కత్తెరా? కాదు. మందా? కాదు. ఊతకర్రతో నేలను పొడిచేవాడు. ఆ కర్రకు నాలుగు కాళ్లు, రబ్బరు బిరడాలు. అది నేలలోకి ఎలా దిగుతుంది? టకటకమని చప్పుడు మాత్రం వచ్చేది. ఆ చప్పుడు వినైనా నాకు తట్టి ఉండాల్సింది, మన్ను మీద కొడితే బండ మీద కొట్టినట్టు మోగుతోందని.

తర్వాత మెట్ల గొడవ ఒకటి మొదలైంది. నేలను పొడిచి పొడిచి విసిగిపోయి, ఇంటి పక్కనున్న మేడ మెట్ల దగ్గరికి నడిచేవాడు. మెట్ల వైపు కర్ర ఎత్తి, "నీళ్లు," అనేవాడు. మేడ ఎక్కుతానంటున్నాడనుకునేదాన్ని. చదునైన నేల మీదే ఇద్దరు పట్టుకోవాలి. "వద్దు బావా, నీ కాళ్లకు దండం పెడతా," అని రెక్క పట్టి లాక్కొచ్చేదాన్ని. చివరికి భయపడి, మెట్ల దరిదాపుకే పోకుండా ఇంటి పక్క సందుకు అడ్డంగా ఒక ఇనుప గేటు పెట్టించి తాళం వేశాను. తాళం వేస్తున్నప్పుడు ఆయన నా చేతుల వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. బడిలో ఎంత చెప్పినా లెక్క అర్థం కాని పిల్లవాడిని చూసి అలసిపోయిన మాస్టారు ఎలా చూస్తాడో అలా చూశాడు.

ఆ ఎండాకాలం సెలవుల్లో గుడిబండ నుంచి మా మరిది వచ్చాడు. ఊళ్లో చేను చూసుకునే మనిషి. లాన్‌ను కాలి బొటనవేలితో గీకి చూశాడు. నీళ్లు నిలిచిన చోట పాకుడు పట్టి ఉంది. అంతకు ముందు రోజే ఆయన కాలు దాని మీద జర్రున జారితే ఫిజియో అమ్మాయి, నేను కలిసి ఎలాగో ఆపాం. ఆ సంగతి చెప్పాను.

"వదినా, ఇది బతికే గడ్డి కాదు. పీకేసి బండలు పరిపిద్దాం. గరుకు బండలైతే జారవు. మేస్త్రీ నాకు తెలిసినోడే, ఎల్లుండే పంపిస్తా," అన్నాడు.

నాకూ అదే సరైనదనిపించింది. నీళ్ల మాట పడక్కర్లేదు, జారుతాడన్న భయం ఉండదు. సరేనన్నాను. మరిది వెళ్లిపోయాక ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. "బావా, గడ్డి తీయించేద్దాం. బండలు పరిపిస్తే నువ్వు నడిచేదానికి బాగుంటాది."

"నీళ్లు," అన్నాడు, బతిమాలుతున్నట్టు.

"అది చచ్చిపోతాండాది బావా. నేనేం చేసినా బతకడం లేదు."

"నీళ్లు!" అని ఎడం చేత్తో కుర్చీ చెయ్యి మీద గుద్దాడు.

"ఏం చెయ్యాలో చెప్పు మరి. ఏం చెయ్యమంటావో నాకు తెలీడంలేదు."

"నీళ్లు," అని మూడోసారి అన్నప్పుడు గొంతు చీలిపోయింది. నేను ఆయన తలను కడుపుకు హత్తుకుని నిలబడ్డాను. సొంత ఇంటి ముందర గడ్డి ఉండాలో వద్దో చెప్పడానికి కూడా ఆ మనిషికి మాట లేదు. ఆయన వద్దంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. బండలు వద్దంటే మరి ఏం చేయాలో తెలియదు. మేస్త్రీని వద్దనలేదు.

మరునాడు ఆమె వచ్చింది. ధర్మవరంలో ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ, ఇద్దరు బిడ్డల తల్లి. పట్టుచీరల అంగడిలో పని చేస్తోందట. హిందూపురంలో బంధువుల ఇంట్లో శుభకార్యానికి వచ్చి, మాస్టారికి ఇలా అయిందని ఎవరో చెబితే అడ్రసు కనుక్కుని వచ్చింది. గేటు దగ్గరే చెప్పులు విడిచింది.

"సార్, నేను. ఖోఖో టీము. గుర్తు పట్టినారా?"

ఆయన ముఖం విప్పారింది. ఎడమ చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీళ్లు, నీళ్లు," అన్నాడు సంతోషంగా. ఆమె నీళ్ల కోసం లేవబోతే నేను ఆపి, సంగతి చెప్పాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, ఏమీ జరగనట్టు, తన పిల్లల కబుర్లు, బడి కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. మంచి పిల్ల.

కాసేపటికి ఆయన లేచాడు. ఆమెను రమ్మన్నట్టు తల ఊపి మెట్టు దిగాడు. నేను వెనకే పరుగెత్తి నడుం పట్టుకున్నాను. గడ్డి మీదికి పోయి, ఎప్పటిలాగే కర్ర ఎత్తి నేలను పొడవడం మొదలుపెట్టాడు. టక్, టక్, టక్. తర్వాత కర్రతో మెట్ల వైపు చూపించాడు.

"రోజూ ఇదే అమ్మా," అన్నాను. నాకు సిగ్గుగా కూడా ఉంది. "ఏం అడుగుతాండాడో తెలీదు. రేపు మేస్త్రీ వచ్చి ఇదంతా పీకేసి బండలు పరుస్తాడు."

ఆమె నా మాట వినడం లేదు. ఆయన చేతినే చూస్తోంది.

"సార్," అంది. "తూట్లా? తూట్లు పొడవల్నా?"

ఆయన కర్ర ఆగిపోయింది. ఆమె వైపు తిరిగాడు. తల ఊపాడు. మళ్లీ ఊపాడు. ఎంతగా ఊపాడంటే తూలిపోయి నా మీద పడ్డాడు. నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది నీళ్లు కూడా కాదు, ఏ మాటా కాదు.

ఆయనను కుర్చీలో కూర్చోబెట్టాక ఆమె చెప్పింది. ప్రతి ఏడూ వానలకు ముందు, ఖోఖో ఆడే జాగాలో ఆయన పిల్లల చేత నేలకు తూట్లు పొడిపించేవాడట. అక్కడ ఆయన ఎలాగో గరిక పెంచాడట, పిల్లలు పడితే మోకాళ్లు దోక్కుపోకుండా ఉండడానికి. ఇన్నేళ్లలో నాకు ఆ గరిక సంగతి తెలియదు.

"ఎందుకు సార్ ఈ పని మాకు, అని అడిగినా మేడమ్ ఒగసారి. అప్పుడు సార్ ఎట్ల చెప్పినాడంటే..." అని లేచి నిలబడి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని, గడ్డం పైకెత్తి, గొంతు మార్చింది.

"ఏయ్! ముక్కు మూసుకోని ఎంతసేపు పరుగెత్తుతావు నువ్వు? చూస్తా, పరుగెత్తు! కాదు గదా? మరి ఆ వేరు మాత్రం ఎట్ల బతుకుతాది? మీరంతా గుర్రాల మాదిరి తొక్కితొక్కి మన్నును రాయి చేసినారు. దాంట్లో గాలి యాడుండాది? గాలి లేకపోతే నువ్వు బిందెలు బిందెలు నీళ్లు పోసినా పైననే ఉంటాయి. తూటు పొడిస్తే గాలి పోతాది. గాలి ఎనకాల నీళ్లు పోతాయి. నీళ్ల ఎనకాల వేరు పోతాది. వేరు లోతుకు పోతే ఎండకు తట్టుకుంటాది. పోండి, పొడవండి!"

ఆయన నవ్వుతున్నాడు. కుడి పక్క కదలని నోటితో, భుజాలు ఎగిరేలా, కళ్ల వెంట నీళ్లు కారుతూ నవ్వుతున్నాడు. నేను మెట్టు మీద కూలబడ్డాను. ఆ విరుపులు, ఆ "చూస్తా", ఆ "పోండి" అన్నీ ఆయనవే. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద విన్న గొంతు వేరే మనిషి నోట్లోంచి మా వరండాలోకి వచ్చింది.

"ఇంకేం చెప్పేవాడమ్మా?" అన్నాను. నాకు గడ్డి గురించి కాదు, ఆ మాటలు ఆగిపోకూడదని.

ఆమె ఇంకా చెప్పింది. గడ్డపారతో పొడిస్తే చాలదట. తూటు చుట్టూ మన్ను ఇంకా బిగుసుకుంటుంది. అందుకని ఆయన వెల్డింగు అంగట్లో ఒక ఇనుప గొట్టం చేయించాడు. కింద అంచు పదును, పైన అడ్డంగా రెండు పక్కలా పట్టుకునే పిడి. తడి నేలలో దాన్ని తొక్కి లాగితే లోపలి మన్ను కడ్డీలా బయటికొస్తుంది. ఆ తూట్లలోకి జల్లించిన పేడ ఎరువు, ఇసుక కలిపి నింపాలి.

"ఆ గొట్టాన్ని సార్ రిటైరయినప్పుడు ఇంటికి తెచ్చుకున్నారు మేడమ్. మేమే రైలెక్కిచ్చినాము."

నేను తాళం చెవి తెచ్చాను. మేడ మెట్ల కింద ఖాళీలో, పాత రంగు డబ్బాల వెనక, ఆ గొట్టం గోడకు ఆనించి ఉంది. కుళాయిల పనివాళ్లు మరిచిపోయిన ముక్క అనుకుని ఇన్నాళ్లూ దాన్ని పట్టించుకోలేదు. రిటైరయ్యాక ఆయన గడ్డి మీద వంగి చేసింది దీంతోనేనన్నమాట. మేడ ఎక్కాలని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

మరిదికి ఫోన్ చేసి మేస్త్రీని రావద్దన్నాను. "ఏమి వదినా, ఒగ మాట మీద ఉండవు," అని విసుక్కున్నాడు. ఆ అమ్మాయి సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది. పోతూ సార్ కాళ్లకు మొక్కింది. ఆయన ఎడం చేత్తో ఆమె తల నిమిరి "నీళ్లు" అన్నాడు. అది దీవెన అని మా ఇద్దరికీ తెలిసింది.

మరునాటి పొద్దున, ముందు రోజు తడిపి ఉంచిన నేల మీద, గొట్టం పెట్టి కాలితో తొక్కాను. దిగలేదు. రెండు కాళ్లూ ఎక్కి నిలబడితే వేలెడు దిగింది. లాగితే చేతికొచ్చిన మన్ను కడ్డీని ఆయనకు ఇచ్చాను. పైన ఎండు గడ్డి, పాత వేళ్లు కలిసిన ఒక మందపాటి పొర. దాని కింద బిగుసుకున్న ఎర్రమన్ను, మధ్యమధ్య ఇటుక పెళ్లలు, సిమెంటు పలుకులు. వేళ్లు కిందికి పోలేక పక్కకు తిరిగి, ఆ పొరలోనే చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. ఆయన దాన్ని బొటనవేలితో నలిపి చూసి, ఒక్కొక్క వేరును నాకు చూపించాడు. నేను చూశాను. ఆ నేల మీదే కదా నేను పైపు పట్టుకుని రోజులకు రోజులు నిలబడింది.

ఎన్ని పొద్దుల పని అయిందో లెక్క పెట్టలేదు. రోజుకు చాపంత జాగా అయితే ఎక్కువ. మధ్యాహ్నానికి భుజాలు పట్టేసేవి. ఫిజియో అమ్మాయి ఆయనకు చేయించాల్సిన కసరత్తు కొంత నా భుజాలకు కూడా చేసి పోయేది. ఆయన స్టూలు మీద కూర్చుని, ఇసుక కలిపిన ఎరువును పిడికిలితో తీసి తూట్లలో పోసేవాడు, ఎడం కాలితో సర్దేవాడు. తూట్లు దూరం దూరంగా పొడిస్తే నా చీర కొంగు పట్టి లాగేవాడు. ఆ రోజుల్లో మా మధ్య మాటతో అవసరం పడలేదు. నాకు అంతకంటే ఏమీ కావాలనిపించలేదు కూడా.

అంతా అయ్యాక నీళ్లు వదిలాను. నీళ్లు గడ్డి మీద కాసేపు తచ్చాడి, ఒక్కో తూటు దగ్గర చిన్న బుడగ లేచి, లోపలికి దిగిపోయాయి. గేటు దాకా రాలేదు. సాయంత్రం పక్కింటామె గోడ మీది నుంచి తొంగి చూసింది.

"ఏమక్కా, ఈ పొద్దు నీళ్లు పెట్టలేదా?"

"పెట్టినానే."

"మరి యాడ పోయినాయి?"

"కిందికి."

ఆమె రోడ్డు వంక, నా వంక చూసి, నమ్మకం లేకుండానే లోపలికి పోయింది.

వానలు పడ్డాక గడ్డి తేరుకుంది. మాడిన దారి మీద కూడా రెండు పక్కల నుంచి తీగలు పాకి కలిశాయి. పాకుడు పోయింది. రోజూ పెట్టే నీళ్లు వారానికి రెండుసార్లకు తగ్గాయి, అయినా ఆకు వాడలేదు. నడిస్తే కాలి కింద నేల మెత్తగా దిగి మళ్లీ లేచేది. ఆయన పాదం దాని మీద ఆనించి నిలబడి, చాలాసేపు కదిలేవాడు కాదు. గేటు దగ్గర ఒక మూల మాత్రం రాలేదు. అక్కడ కింద కాంక్రీటు గడ్డకట్టి ఉంది, గొట్టం కూడా దిగలేదు.

ఇది కనుక్కున్నాను కాబట్టి ఇక అన్నీ కనుక్కోగలననుకున్నాను. ఆశ అటువంటిది. మాటలు నేర్పే ఆమె దగ్గరికి బెంగళూరు తీసుకుపోయాను. బొమ్మల కార్డులు కొన్నాను. అన్నం బొమ్మ, మంచం బొమ్మ, గడియారం బొమ్మ. ఆయన వాటిని బల్ల మీద పక్కకు తోసేవాడు. ఆయన అడగాలనుకున్నది ఆ బొమ్మల్లో ఉండేది కాదు. ఆ ఖోఖో అమ్మాయికి ఫోన్ చేసి, ఆయన ఏదో అడుగుతున్నాడు, నీకేమైనా తెలుస్తుందా అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి. "నాకు గ్రౌండు సంగతులే తెలుసు మేడమ్," అనేది పాపం. నాకు ఇంటి సంగతులు తెలిసి ఉండాలి. అవీ సగమే తెలుసని తేలింది.

చలికాలంలో ఒకరోజు ఆయన లాన్ మధ్యలో పడిపోయాడు. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నాను, అయినా నా చేతిలోంచి జారి కూలబడిపోయాడు. లేపబోతే నా వల్ల కాలేదు. చంకల కింద చేతులు పెట్టి లాగాను. వెనక నుంచి ఎత్తబోయాను. కుర్చీ తెచ్చి దాన్ని పట్టుకోమన్నాను. పక్కింటికి తాళం వేసి ఉంది. వీధిలో ఎవరూ లేరు. చివరికి నేనూ ఆయన పక్కన గడ్డి మీద కూర్చుండిపోయాను. ఎండ తగ్గేదాకా, పక్కింటామె, ఆమె భర్త ఇంటికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. ఆయన తల నా ఒడిలో ఉంది. ఏమీ అనలేదు, ఆ ఒక్క మాట కూడా. వాళ్లు వచ్చి ఇద్దరూ రెండు రెక్కలు పట్టి లేపారు.

నేల మెత్తగా ఉండబట్టి ఎముక విరగలేదని డాక్టరు అన్నాడు. కానీ ఆ రోజుతో ఆయన ధైర్యం విరిగింది. మళ్లీ మెట్టు దిగలేదు. ఫిజియో అమ్మాయి బతిమాలింది, నేను బతిమాలాను, మరిది వచ్చి కోప్పడ్డాడు. వరండా అంచు దాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి తిరిగేవాడు. లాన్ అంత బాగా ఎప్పుడూ లేదు. దాని మీద నడవాల్సిన మనిషి వరండాలో కుర్చీకి అంటుకుపోయాడు.

ఈ ఏడు నేను రిటైరయ్యాను. ఎండాకాలం చివర, మొదటి వాన పడి నేల కాస్త తడిసిన మరునాడు, గొట్టం తీసి ఒక్కదాన్నే మొదలుపెట్టాను. ఆయన వరండాలో కూర్చుని చూస్తున్నాడు. పోయినేడు కంటే గొట్టం తేలిగ్గా దిగింది. మన్ను నల్లబడింది, వేళ్లు కిందికి పోయాయి, ఒక వానపాము కూడా కనబడింది. దాన్ని చేతిలో పెట్టుకుని పోయి చూపించాను. చూశాడు. నవ్వలేదు, ముఖం తిప్పుకోనూ లేదు.

మళ్లీ పనిలో పడ్డాక వెనక నుంచి "నీళ్లు" అని వినబడింది. తిరిగి చూస్తే ఎడం చెయ్యి ఎత్తి, నేను పొడిచిన వరసల వైపు చూపిస్తున్నాడు.

"ఇంకా దగ్గరగా పొడవాల్నా బావా?"

కళ్లు మూసుకున్నాడు. అది కాదు.

"చాలునా? ఇంక ఆపెయ్యాల్నా?"

అదీ కాదు.

"నువ్వు దిగుతావా? వస్తావా ఈడికి?"

దానికి కళ్లు మూసుకోలేదు, తల కూడా ఊపలేదు. నా వైపే చూస్తూ ఉండిపోయాడు. గొట్టం నేలలో గుచ్చి వదిలేసి, మట్టి చేతులతోనే మెట్టెక్కి ఆయన దగ్గరికి వెళ్లాను. కొంగుతో చేతులు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. లేస్తాడేమోనని కాసేపు చూశాను. లేవలేదు. వద్దని చెయ్యి వెనక్కీ తీసుకోలేదు. ఎండెక్కింది. మిగతా వరసలు సాయంత్రం పొడవచ్చని అక్కడే నేల మీద కూర్చున్నాను.